వార్ధకమునఁ జూపు – చిలకమర్తివారి స్వీయచరిత్రము

కీర్తిశేషులైన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారిని ‘ఆంధ్ర మిల్టను’ అని పేర్కొనుట తెలుఁగునాఁట చిరకాలముగ నలవాటైనది. వారికే ‘ఆంధ్ర స్కాటు’ అను బిరుదును గలదు. స్కాటు బిరుదు నవలలను బట్టి వచ్చినది గావున దాని యౌచిత్యమును గ్రంథములతోఁ బోల్చి విచారింపవచ్చును. మిల్టను బిరుదు మాత్రము గ్రంథమును జూచి యిచ్చినది గాదు, కన్నులను జూచి యిచ్చినది. ‘పారడైజ్ లాస్ట్’ వంటి కావ్యమును జిలకమర్తివారు వ్రాయలేదు. వారు నాటకకర్తలు, హాస్యకర్తలు, నవలాకర్తలు; పాఠశాలలు పెట్టినవారు, పత్రికలు నడపినవారు. కన్నులు లేకయుఁ గవిత్వము చెప్పిరి గావున మిల్టనుతో సమానులనుట ప్రశంసయే గాని విమర్శనము గాదు. ఆ ప్రశంసవలన నొక హానియుఁ గలిగినది. చూపు పోవుట కీర్తిచిహ్నమువలెఁ గనఁబడి, చూపు పోయిన వృద్ధుఁడు దినదినము నెట్లు కాలము గడపెననుట మఱుగుపడినది.

మిల్టనునకు 1652 నాఁటికే, నలువదిమూఁడేండ్ల ప్రాయమున, చూపు పూర్తిగఁ బోయినది. ఆతని కావ్యము 1667లో నచ్చయ్యెను. సరిగా రెండువందలయేండ్లకు, 1867 సెప్టెంబరు 26వ తేదీని, చిలకమర్తివారు జన్మించిరి. ఈ సంఖ్యాసామ్యము వినోదకరమే గాని దానిచే సాదృశ్యము సిద్ధింపదు. చిలకమర్తివారికి రేచీఁకటి చిన్ననాఁటిది. పగటిచూపు నానాఁటికి సన్నగిలి తుదకుఁ బోయినది. విటమిను-ఎ కొఱఁతవలనఁ గలిగిన రేచీఁకటి తగిన యాహారముతోడను ఔషధముతోడను నయమగును. వంశానుగతముగ రెటీనా క్షీణించుటవలనఁ గలుగునది యట్లు గాదు. మొదట రాత్రిచూపును, పిదపఁ బ్రక్కచూపును, కట్టకడపట నడిమిచూపును హరించును. చిలకమర్తివారి చూపు తగ్గిన క్రమము రెండవదానిని దలఁపించును. వైద్యపరీక్ష లేక యింతకుమించి యనుట సాహసము. గ్రంథవిమర్శకునకుఁ గావలసినది వ్యాధినామము గాదు, కాలక్రమము. వారు ఒకనాఁడు కన్నులు గోల్పోయినవారు కారు. యావజ్జీవమును గొంచెముకొంచెముగఁ గోల్పోవుచు వచ్చినవారు.

స్వీయచరిత్రమును వారు డెబ్బదియేండ్లు దాఁటిన పిమ్మట, 1940 తరువాతి సంవత్సరములయందు, నోటఁ జెప్పి యొరులచేత వ్రాయించిరి. దినచర్యపుస్తకములు లేవు. జ్ఞాపకమే యాధారము. 1943లో నాంధ్రవిశ్వకళాపరిషత్తు వారికిఁ గళాప్రపూర్ణ బిరుదము నొసఁగెను. 1946 జూను 17వ తేదీని వారు పరమపదించిరి. ఆ గ్రంథము తెలుఁగున నాత్మకథాశాఖకు ముఖ్యమైనదని యందఱును నెఱుఁగుదురు. వీరేశలింగయుగపు విశేషములకును, రాజమహేంద్రవరపు నాటకసమాజముల చరిత్రమునకును దానిని బరిశోధకులు త్రవ్వుచుందురు. అది చూపులేని యొక ముదుసలి చెప్పిన మాట యని తలఁచి చదువువారు మాత్రము తక్కువ.

చిలకమర్తివారి జన్మస్థానము ఖండవల్లి. బాల్యము వీరవాసరమున గడచినది. ఖండవల్లినుండి పడమరగఁ దణుకును, తాడేపల్లిగూడెమును దాఁటి యేలూరునకుఁ బోవు పెద్దబాటమీఁద ఉంగుటూరు గలదు. అచ్చటినుండి దక్షిణమునకుఁ బోయినకొలఁది నేల పల్లమై, కాలువలును బోదెలును జేపలచెఱువులును దట్టమై, తుదకుఁ గొల్లేటితోఁ గలియును. ఇరుప్రక్కల నీరుండు సన్నపుగట్టుమీఁద నడచుటకుఁ గన్ను గావలెను. చూపు తగ్గిన వృద్ధుఁ డట్టి యూళ్ళయందు మొదట గట్టు మానును, పిదప వీథి మానును, ఆపైఁ దన యరుగు విడువఁడు. ఈ సంకోచమును దెలుఁగు కవులు గాంచిరా యనునది యిచ్చటి ప్రశ్న. చిలకమర్తివారి గ్రంథము విలువ నిర్ణయించుటకు సభలయందలి ప్రశంసలకన్న నీ ప్రశ్నయే మేలైన కొలఁత.

మొదట మాటలను విచారింపవలెను. భాష చూపుపోకను రెండువిధములఁ జెప్పుచున్నది. అంధవిశ్వాసము, అజ్ఞానాంధకారము, గ్రుడ్డినమ్మకము అనునవి యొక జాతి. ఇందుఁ గన్ను లేకుండుట బుద్ధి లేకుండుటకుఁ బర్యాయము. ఈ జాతి మాటలు గ్రంథములనిండ నున్నవి. రేచీఁకటి, మసక, శుక్లము, పువ్వు, చత్వారము, మెల్ల అనునవి రెండవ జాతి. ఇవి యిండ్లలోను వైద్యుల నోళ్ళను బుట్టినవి. నలువదియేండ్లు పైఁబడినవారికి దగ్గఱి వస్తువు తెలియకుండుటకుఁ జత్వారమని పేరు పెట్టిన తెలుఁగువాఁడు, ‘చత్వారింశత్’ అను సంఖ్యనే రోగనామమునఁ బొదిగినాఁడు. వయస్సు దాఁటిన ప్రతివానికిని వచ్చునది యిది, పాపఫలము గాదు అను నెఱుక యా మాటయందే కలదు. ‘గ్రుడ్డికన్న మెల్ల మేలు’ అను సామెతయుఁ బరిహాసమునకుఁ జెప్పుచున్నను, చూపునకుఁ దరతమభేదములు గలవనియు, ఉన్నంతచూపు విలువైనదనియుఁ దెలుపుచున్నది. కావ్యములయందు సామాన్యముగ రెండే స్థితులు: చూపుండుట, లేకుండుట. ఇండ్లలోని భాషకు నడుమ నెన్నో మెట్లు తెలియును.

‘నేత్రము’ అను మాట మఱియు విలువైనది. అది ‘నీ’ ధాతువునుండి పుట్టినది. ఆ ధాతువునకు నడిపించుట, కొనిపోవుట యని యర్థము. ‘నేత’ యనుమాటయు దానినుండియే పుట్టినది. కావున నేత్రమనఁగా మనుష్యుని నడిపించుకొనిపోవునది. అది పోయినపుడు నడిపించువాఁడు మఱియొకఁడు గావలెను. వార్ధకాంధత్వమును జిత్రించిన పూర్వకవులను ఈ యర్థముతోఁ బరీక్షించినచో వారి బలాబలములు తేటపడును.

రాజమహేంద్రవరమున నన్నయభట్టు తెనిఁగించిన యాదిపర్వమున దీర్ఘతముని వృత్తాంతము గలదు. ఆతఁడు పుట్టంధుఁడు, వేదవేత్త, ముదిసినవాఁడు. భరించువాఁడు గనుక భర్త యందురు, ఇంతకాలమును నేనే నిన్ను భరించితిని, ఇఁకఁ జాలను అని భార్య ప్రద్వేషిణి చెప్పివేసినది. కొడుకులు తండ్రిని గట్టి గంగలో విడిచిరి. బలి యను రాజు చూచి యొడ్డునకుఁ జేర్చెను. భీష్ముఁ డీ కథను సత్యవతికి సంతానోపాయమునకు దృష్టాంతముగఁ జెప్పెను గాన, పండితులును దానినంతవఱకే గైకొని విడుతురు. ప్రద్వేషిణిని దుష్టురాలని నిందించి యూరకుందురు. ఆమె పలుకులలోఁ గ్రౌర్యము గలదు. శ్రమయుఁ గలదు. చూపులేని పెద్దను బ్రతిదినమును సాఁకుటయం దెంత భారము గలదో, ఆ భారమొక్కతెపైఁ బడిన నేమగునో యింత సూటిగఁ జెప్పిన ఘట్టము తెలుఁగున నరుదు. తెలుఁగున మనకు దక్కిన తొలి మహాకావ్యముననే వృద్ధాంధుఁడు నీటిపాలు చేయఁబడినాఁడు. ఈ విషయమును సాహిత్యచరిత్రకారులు పట్టించుకొనలేదు.

ధృతరాష్ట్రుని విషయమునను నిట్టిదే జరిగినది. పుత్రమోహముచే గ్రుడ్డివాఁడయ్యె ననుట పురాణకాలక్షేపములయందుఁ బలుమాఱు వినఁబడు వ్యాఖ్య. అది యుద్ధమునకు ముందటి ధృతరాష్ట్రునకుఁ దగియుండవచ్చును. ఆశ్రమవాసపర్వమునందలి ముదుసలికి నది తగదు. అచ్చట రూపకము తొలఁగి శరీరము మిగిలినది. వ్యాసభారతమున హస్తిన విడిచి యడవికిఁ బోవునపుడు కుంతి ముందు నడచును. కన్నులకుఁ గట్టుగల గాంధారి యామె భుజముపైఁ జేయివైచి నడచును. ధృతరాష్ట్రుఁడు గాంధారి భుజముపైఁ జేయివైచి నడచును. వనమునందు సంజయుఁడు మిట్టపల్లములఁ దెలిపి రాజును నడిపించుచుండెననియు, కుంతి గాంధారికిఁ గన్నయి యుండెననియు వ్యాసుఁడు చెప్పినాఁడు. సంజయుని గూర్చి చెప్పునపు డాతఁడు వాడిన మాట ‘నేత’. కురుక్షేత్రమును గన్నులఁగట్టినట్లు చెప్పిన సంజయుఁడు, తుదకుఁ గాలి కడ్డముగ నున్న రాతినిఁ జెప్పువాఁడైనాఁడు. మొదటి పని లోకప్రసిద్ధము. రెండవ పనిని దలఁచువారు లేరు. దావాగ్ని వచ్చినపుడు రాజు సంజయుని బొమ్మనెను. తాను, గాంధారి, కుంతి యచ్చటనే నిలిచిపోయిరి.

పోతనామాత్యుని భాగవతమున ప్రథమస్కంధముననే యీ వృద్ధుఁ డింకొకవిధమునఁ గనఁబడును. తీర్థయాత్రలనుండి వచ్చిన విదురుఁ డన్నను గఠినముగ మందలించును. పుట్టుగ్రుడ్డివి, ముసలివాఁడవు, కొడుకులు పోయిరి, ఏ భీముఁడు నీ కొడుకులఁ జంపెనో యాతఁడు పెట్టు కూడు తినుచున్నావు, ఇంకను నిచ్చట నేల యుందువు అని యా మాటల సారము. దీనిని వైరాగ్యబోధ యని వ్యాఖ్యానింతురు. వైరాగ్యబోధయే. ఐనను నందుఁ బ్రయోగించిన యాయుధము సిగ్గు. పరులచేతి యన్నము తినవలసివచ్చిన ముసలివానికి బంధువులు చేయు యవమానము వేదాంతరూపమున వచ్చినది. ధర్మరా జన్నము పెట్టుటకు విసుగలేదని యచ్చటనే స్పష్టముగ నున్నది. మఱునాఁటి యుదయమునఁ బెదతండ్రి కనరాకపోఁగా నాతఁడు సంజయుని నడిగెను. తన్ను వంచించి పోయిరని సంజయుఁడు దుఃఖించెను. చూపులేనివానికి నడక నేర్పిన వానికే చెప్పక పోవుట! భక్తికావ్యమునం దిది చిన్న సందర్భము. సాఁకినవాని దుఃఖమును బట్టి చూచిన నిదియే యా ఘట్టమునకుఁ బ్రాణము.

వీరిరువురును జాత్యంధులు. వయస్సుచేతఁ జూపు పోవుట వీరియందు లేదు. దాని కుదాహరణము రామాయణమున దశరథుఁడు. మునిబాలుని వృత్తాంతమున ముసలితలిదండ్రులు చూపులేనివారు. తండ్రి యడుగులచప్పుడు విని కొడుకే వచ్చెననుకొని, యింత యాలస్య మేల, నీళ్ళు తెమ్మని పలుకును. వచ్చినవాఁడు చంపినవాఁడు. చెవియే కన్నుగాఁ గలవారికి నడకచప్పుడు మొగమువంటిదని వాల్మీకి యెఱిఁగి వ్రాసినాఁడు. ఆ కథ చెప్పుచుండఁగనే దశరథునకుఁ జూపు మసకబారెను. కౌసల్యతో, నీవు కనరాకున్నావు, నన్నుఁ జేతితోఁ దాఁకుమనును. శాపము పుత్రవియోగమరణమునకు సంబంధించినదే యైనను, చూపు తగ్గుటయు శపించినవానినుండి శపింపఁబడినవానికి సంక్రమించినట్లున్నది. పూర్వకావ్యములయందు ముదిమిచేతను శోకముచేతను గన్ను మూఁతపడుటను, తాఁకిన చేతివలన మనుష్యుని గుర్తించుటను, ఇంత సన్నిహితముగఁ జూపిన చోటు మఱియొకటి లేదనవచ్చును.

ఈ ఘట్టము లన్నింటియందును బెద్దల కొక పెద్దదనము గలదు: ఋషి, రాజు, మునిదంపతులు. వారికి శాపమిచ్చు శక్తియో, సింహాసనమో, తపస్సో గలదు. సామాన్యుఁడైన యొక బడిపంతులు చూపుపోయి ముదిసిన యెడల నేమగునన్న దానికిఁ దెలుఁగున సమాధానము చిలకమర్తివారితోనే మొదలు. ఇదియే వారి గ్రంథమునకుఁ గల యపూర్వత.

స్వీయచరిత్రమున నంధత్వముపైఁ బ్రత్యేకవిలాపము లేదు. కన్నులకై కంటనీరు పెట్టించు నధ్యాయమును వెదకువారికి నాశాభంగము గలుగును. బడిలో నల్లబల్లమీఁది వ్రాఁత తెలియక సహాధ్యాయులవలనఁ దెలిసికొని చదువుకొనిన విద్యార్థి, తరువాత రాజమహేంద్రవరమున నుపాధ్యాయుఁడయ్యెను. తానే పాఠశాల పెట్టెను. ‘మనోరమ’, ‘దేశమాత’ పత్రికలు నడపెను. వెనుకటి కవులకు శాపమైనది వారికిఁ బనిలోని చిక్కు. చిక్కు వచ్చినపుడెల్ల దానికొక యుపాయము వెదకుటయే కాని, దానికొక యర్థము వెదకుట వారికి లేదు. మిల్టనుతోఁ బోలిక యిచ్చటనే చెడును. మిల్టను తన యంధత్వమును దైవముతో వాదమునకుఁ దెచ్చినవాఁడు. చిలకమర్తివారు దానిని దినవ్యవహారమునఁ గలిపివైచిరి.

వారి వాఙ్మయమున నెక్కువభాగము చెవిమీఁద నాధారపడినదని పరిశీలకులు గుర్తింపవలెను. ‘గయోపాఖ్యానము’ ఆంధ్రదేశమంతట నాడఁబడినది. దానిని నిలిపినవి కృష్ణార్జునుల సంవాదపద్యములు. ‘గణపతి’ యందలి హాస్యము మనుష్యుల రూపురేఖలకన్న వారి మాటలయందును జేష్టలయందును నెక్కువ. 1907లో బిపినచంద్రపాలుఁడు రాజమహేంద్రవరమున నుపన్యసించినపుడు, వారి యాంగ్లోపన్యాసములను విని వెంటనే తెనిఁగించినవారు చిలకమర్తివారే. ఆ సభయందే యాశువుగఁ జెప్పిన దేశభక్తిపద్యము నేఁటికిని జనుల నాలుకలపై నున్నది. చెవితో విని, మనసున నిలిపి, నోటఁ బలుకుట యా పద్యమునకు మూలము. ముప్పదియేండ్లకుఁ బైఁబడిన పిమ్మట స్వీయచరిత్రమును జెప్పించినదియు నా శక్తియే. పేళ్ళు, ఊళ్ళు, బంధుత్వములు, నాటకములాడిన చోట్లు, ఎవ్వరేమనిరో యా మాటలు గ్రంథమునిండ నున్నవి. ప్రకృతివర్ణనమునకై కథ నాఁపుట యరుదు. దీనిని గొందఱు శుష్కత యనవచ్చును. కన్నులకుఁ దోఁచినదానికన్నఁ జెవికి నిలిచినదానిని నమ్మిన వాని గ్రంథ మట్లే యుండును.

దోషములును జెప్పవలెను. సంవత్సరముల విషయమున నీ గ్రంథమును నిరాధారముగఁ గైకొనరాదు. దినచర్య లేక, పాతపత్రికలను దానుగఁ దిరుగవేయఁజాలక, డెబ్బదియేండ్ల వృద్ధుఁడు చెప్పినది గావున నితరసాక్ష్యములతో సరిచూడవలెను. దీనికై గ్రంథకర్తను దప్పుపట్టుట న్యాయము గాదు. సరిచూడక యుదాహరించు పరిశోధకునిదే తప్పు. ఇంకొక కొఱఁత గ్రంథకర్తది గాదు, ప్రశంసకులది. చూపులేనివాఁడు గ్రంథము రచియించెనని యాశ్చర్యపడువా రా రచనను లిఖించిన చేతిని దలఁపరు. చెప్పినమాటను వ్రాసి, మరల చదివి వినిపించి, దిద్దుమన్నచోట దిద్దినవాఁడు లేనిది గ్రంథము లేదు. మిల్టనునకు వ్రాయసకాండ్రు గలరని యాంగ్లవిమర్శకులు పుటలకొలఁది చర్చించిరి. తెలుఁగున నట్టి చర్చ జరుగవలసియున్నది. సంజయుని యుద్ధకథనమును మెచ్చి, యాతని చేయూఁతను మఱచుట యెట్టిదో యిదియు నట్టిదే.

ఈ చేయూఁత యెల్లవారికిని లభించునది కాదు. 1909లోఁ బంచముల బిడ్డలకై రామమోహనపాఠశాలను స్థాపించినవారు చిలకమర్తివారు. ఆ బిడ్డల తలిదండ్రులును ముదిసిరి; వారి కన్నులును మసకబారినవి. వారికి వ్రాయసకాఁడు లేఁడు, శిష్యులు లేరు, కంఠస్థములైన కావ్యములు లేవు. పొలమున నాఁటు వేసి, కలుపు తీసి, కోఁత కోసి, కన్ను మసకబారిన నాఁటినుండి పనికి రావద్దనిపించుకొన్న ముదుసలి యేమి చేసెనో తెలుపు గ్రంథము లేదు. చూపు తగ్గెననుట యామెకు మొదట దెలియునది సూదిలో దారమెక్కనపుడు. పిదప బియ్యమున రాళ్ళు చేతివ్రేళ్ళకే గాని కంటికి దొరకవు. పిదప గుమ్మమున నిలిచినవారిని ‘ఎవరదీ?’ అని యడుగవలసివచ్చును. చెవియుఁ దగ్గెనా, ఆ ప్రశ్నకు వచ్చిన జవాబును దెలియదు. మోఁకాళ్ళు పట్టెనా, లేచి దగ్గఱకుఁ బోయి తాఁకిచూచుటయుఁ గష్టమే. ముదిమి యొక్కొక్క యింద్రియమును వేఱువేఱుగఁ దీసికొనదు. ఒకటి పోయినపు డాసరాయైన రెండవదానిని గూడఁ దీసికొనును. చిలకమర్తివారి గ్రంథమునకుఁ జెవి యాసరాగ నుండెను. ఆ యదృష్టము గ్రంథమున వాచ్యము గాకున్నను బ్రతిపుటయందును గలదు.

ఉంగుటూరు ప్రాంతము వారి గుఱించి యిట్లు చెప్పుట యూహ గాదు. 1996 మొదలు 2000 వఱకు హైదరాబాదునందలి ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్యవిజ్ఞానసంస్థవా రాంధ్రప్రదేశమున నేత్రవ్యాధులను గూర్చి పరిశోధన జరిపిరి. హైదరాబాదుతోఁబాటు వారెన్నుకొన్న మూఁడు గ్రామీణప్రాంతములలో నాఁటి పశ్చిమగోదావరిజిల్లా యొకటి. తక్కినవి యాదిలాబాదు, మహబూబునగరములు. మొత్తము 10,293 మందిని బరీక్షింపఁగా నంధత్వము నూటికి 1.84 వంతున నున్నట్లు తేలినది. అందు 44 వంతులకు శుక్లములు కారణము; 16.3 వంతులకుఁ గేవలము తగిన కంటియద్దములు లేకపోవుట కారణము. అనఁగా నూర్గురు గ్రుడ్డివారిలో నఱువదిమందికి శస్త్రచికిత్సచేతనో, యద్దములచేతనో చూపు రాఁదగినదే. వయసు పెరిగినకొలఁదిని, పేదఱికము హెచ్చినకొలఁదిని నంధత్వము హెచ్చు. పురుషులకన్న స్త్రీలయందు హెచ్చు. ప్రపంచారోగ్యసంస్థ 2019లోఁ బ్రకటించిన నివేదికయందును, దగ్గఱిచూపో దూరపుచూపో సరిలేనివారు 220 కోట్లకుఁ దక్కువగాకుండఁ గలరనియు, వారిలోఁ గనీసము 100 కోట్లమందికి వచ్చిన బాధ నివారింపఁదగినదో, చికిత్సింపఁదగినదో యనియుఁ గలదు. చత్వారమునకు నద్దములు లేనివారే 82 కోట్లకుఁ బైఁబడిరి.

ఈ సంఖ్యలకును సాహిత్యవిమర్శనమునకును సంబంధమేమి యని శంకింపవచ్చును. సంబంధము గలదు. జాత్యంధుఁడైన ధృతరాష్ట్రుఁడు వృద్ధాంధుల కెల్ల నుపమానమైన దేశమున, వయసుతో వచ్చిన శుక్లమును గూడ విధి యని యెంచుట సులభము. ముసలితనమున నింతే యని యింటివా రందురు. పెద్దలును నట్లే యని యూరకుందురు. పోతన విదురునినోటఁ బలికించిన సిగ్గు వారి నోరు మూయించును. ఆసుపత్రికిఁ బోవుటకుఁ గూలి విడిచి తోడు రావలసిన కొడుకునో మనుమరాలినో యడుగుట కష్టమై యడుగరు. వైద్యులు దీనిని చికిత్సకడ్డమగు కారణములలో లెక్కింతురు. కవి దానిని హృదయగతముగఁ జిత్రింపవలసినవాఁడు, చిత్రింపలేదు. దీర్ఘతముని గంగలో విడిచిన కొడుకులు నేఁ డరుదు. అరుగుమీఁద విడిచినవారు మెండు, వారు దుష్టులును గారు.

నేత్రవైద్యసంస్థ కా పేరు వచ్చిన విధమును దలఁపఁదగినదే. చలనచిత్రదర్శకులైన ఎల్. వి. ప్రసాదుగారు ఏలూరు చేరువనున్న సోమవరప్పాడువారు. 1931లో వెలువడిన ‘ఆలం ఆరా’ మొదలుకొని మాటలచిత్రముల తొలినాళ్ళనుండి పనిచేసి, ‘షావుకారు’, ‘సంసారం’, ‘మిస్సమ్మ’ వంటి చిత్రములను దీసినవారు. చూపఱుల కన్నులకై యావజ్జీవము శ్రమించిన యాయన యా సంస్థకు స్థలమును ధనమును నొసఁగిరి. గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన యా సంస్థ 1987లోఁ బనికిఁ బూనుకొనెను. ఖండవల్లి యొకవైపు, సోమవరప్పాడొకవైపు, నడుమ ఉంగుటూరు. 2018లోఁ దెలంగాణమునను 2019లో నాంధ్రప్రదేశమునను ‘కంటి వెలుగు’ అను పేర ప్రభుత్వములు పరీక్షలు జరిపించినవి. ఆంధ్రప్రదేశమున 2020లో వృద్ధులకై జరిపిన దానికి ‘అవ్వా–తాతా’ యని పేరు. గోదావరిసీమయందు నాయనమ్మను మామ్మ యందురు గాని యవ్వ యనరు. పిలువవలసినవారిని వారి మాటతోఁ బిలుచుటయు వైద్యములో భాగమే.

స్వీయచరిత్రమును మరల ముద్రించువారు చేయఁదగిన పనులు రెండు గలవు. మొదటిది, ఆ గ్రంథమును జిలకమర్తివారు చెప్పఁగా వ్రాసినవారెవ్వరో, చెప్పిన క్రమమెట్టిదో, మరల వినిపించి దిద్దించినదెంతో, దొరకినంతవఱకు సాక్ష్యములు సేకరించి పీఠికయందుఁ జేర్చుట. సమకాలికుల లేఖలును, పత్రికలయందలి వార్తలును ఇందుకుఁ దోడ్పడును. రెండవది, పెద్దయక్షరములతో నచ్చువేయుట. చూపులేని పెద్ద నోటఁ జెప్పిన గ్రంథమును జత్వారమువచ్చిన పెద్ద చదువఁజాలని యక్షరములతో ముద్రించుట వింతపని. అట్లు ముద్రించినను జదువఁజాలనివారి కింటిలో నెవ్వరైనఁ జదివి వినిపింపవలసినదే. వాక్యములు సుగమములు గావున వినిపించుట కష్టము గాదు. అధ్యాయమున కొక సాయంకాలము చాలును.